మన కార్డు – మన నాలుగు అంకెలు

 

మన విశాఖపట్నంలో కష్టపడని ఆడమనిషి ఉందా? ఫిషింగ్ హార్బరులో తెల్లవారకముందే చేపలు కొని, గంప ఎత్తుకుని ఊళ్లోకి బయలుదేరే అమ్మలు ఉన్నారు. ఉక్కు ఫ్యాక్టరీ దగ్గర, పోర్టు దగ్గర కూలిపనికి వెళ్లే అక్కలు ఉన్నారు. ఇళ్లలో పని చేసేవాళ్లు, బట్టలు కుట్టేవాళ్లు ఉన్నారు.

ఇదివరకు డబ్బు చేతికే వచ్చేది. కొంగున ముడి వేసుకునేవాళ్లం. ఇప్పుడు చాలా డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతోంది. పొదుపు సంఘం అప్పు ఖాతాలో పడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి కూడా ఖాతాలోనే వేస్తారు. 2014 ఆగస్టు 28న జన్ ధన్ పథకం మొదలైంది. అందులో ఖాతా తెరిచినవాళ్లకు రూపే కార్డు ఇచ్చారు. కార్డు ఉంటే ఏటీఎం మిషనులో డబ్బు తీసుకోవచ్చు.

కొంగు ముడి విప్పాలంటే దొంగ మన పక్కకు రావాలి. కార్డు దొంగ మన పక్కకు రానక్కరలేదు. కార్డు మన సంచిలోనే ఉంటుంది. డబ్బు మాత్రం పోతుంది. ఇది ఎలా జరుగుతుంది? దీన్ని ఎలా ఆపాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

దొంగకు రెండు కావాలి

మీ కార్డు వెనకవైపు చూడండి. నల్లటి పట్టీ ఉంటుంది. పాత పాటల క్యాసెట్టులో టేపు ఉండేది కదా! ఇదీ అలాంటిదే. మన కార్డు వివరాలు ఆ పట్టీలో ఉంటాయి.

ఏటీఎంలో కార్డు పెట్టే సందు ఉంటుంది. దొంగ ఆ సందు మీద చిన్న తొడుగు అంటిస్తాడు. అది మిషనులో భాగంలాగే కనిపిస్తుంది. మనం కార్డు పెట్టగానే ఆ తొడుగు పట్టీని చదివేస్తుంది. మిషను తన పని తాను చేస్తుంది. మన డబ్బు మనకు వస్తుంది. అందుకే మనకు ఏ అనుమానమూ రాదు. ఆ తొడుగును స్కిమ్మర్ అంటారు. ఈ దొంగతనాన్ని స్కిమ్మింగ్ అంటారు. ఆ వివరాలను దొంగ ఇంకో కార్డులోకి ఎక్కిస్తాడు. అది నకిలీ కార్డు.

అయితే నకిలీ కార్డు ఒక్కటే ఉంటే చాలదు. ఏటీఎంలో డబ్బు రావాలంటే పిన్ నంబరు కావాలి. అవే మన నాలుగు అంకెలు. వాటి కోసం దొంగ మీటల పైన ఎక్కడో చిన్న కెమెరా దాస్తాడు. లేదా అసలు మీటల మీద దొంగ మీటల పలక అతికిస్తాడు.

చూశారా! దొంగకు రెండు కావాలి. ఒకటి కార్డు వివరాలు. రెండు పిన్ నంబరు. మొదటిది మనకు తెలియకుండా పోవచ్చు. రెండోదాన్ని కాపాడుకోవడం చాలావరకు మన చేతిలోనే ఉంది.

కేరళలో జరిగింది

2016 ఆగస్టులో కేరళలోని తిరువనంతపురంలో ఇలాంటి దొంగతనం జరిగింది. విదేశాల నుంచి వచ్చిన ముఠా ఒక ఏటీఎం గదిలో పరికరం పెట్టింది. పొగ వస్తే హెచ్చరించే పెట్టె లాంటి దానిలో కెమెరా దాచింది. వచ్చినవాళ్లు దాన్ని చూసినా అనుమానించలేదు. కొన్నాళ్లకు ముంబైలో వాళ్ల డబ్బు తీసేశారు. ఫోనుకు మెసేజి వచ్చాకే చాలామందికి సంగతి తెలిసింది. తర్వాత ముఠాలో ఒకడు ముంబైలో దొరికాడు.

ఏటీఎం ఉన్నది ఒక ఊరు. డబ్బు పోయింది ఇంకో ఊరిలో. కనుక మన ఊరిలో దొంగలు లేరులే అనుకోకూడదు.

చిప్ ఉందా?

ఇప్పటి కార్డులకు ముందువైపు చిన్న బిళ్ల ఉంటుంది. బంగారు రంగులో గాని, వెండి రంగులో గాని ఉంటుంది. దాన్ని చిప్ అంటారు. పట్టీలో ఉన్న వివరం ఎప్పుడూ ఒకటే. అందుకే నకలు తీయడం సులువు. చిప్ ప్రతిసారీ కొత్త సంకేతం తయారు చేస్తుంది. దానికి నకలు తీయడం చాలా కష్టం. పట్టీ మాత్రమే ఉన్న కార్డులను 2018 డిసెంబరు 31 లోగా మార్చాలని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ చెప్పింది. మీ కార్డుకు చిప్ లేదా? వెంటనే బ్యాంకుకు వెళ్లి మార్చుకోండి. చిప్ కార్డుకు కూడా వెనక పట్టీ ఉంటుంది. కనుక జాగ్రత్త మానకూడదు.

మిషను దగ్గర ఏం చేయాలి?

1. కార్డు పెట్టేముందు సందును చూడండి. వంకరగా ఉందా? జిగురు మరక ఉందా? వేలితో పట్టుకుని కొంచెం కదపండి. కదిలితే కార్డు పెట్టకండి.

2. మీటల పలక చూడండి. ఎత్తుగా, వదులుగా ఉంటే నొక్కకండి. ఇంకో మిషనుకు వెళ్లండి. బ్యాంకువాళ్లకు చెప్పండి.

3. పిన్ నొక్కేటప్పుడు రెండో చేతిని పైన గొడుగులాగ పట్టండి. చీర చెంగు అడ్డం పెట్టినా మంచిదే. అప్పుడు మీటలు కనపడవు కదా అంటారా? 5 మీట మీద చిన్న బొడిపె ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. దాని పైన 2, కింద 8, ఎడమన 4, కుడిన 6. నాలుగుసార్లు వెళ్తే వేళ్లకే అలవాటవుతుంది.

4. డబ్బు, కార్డు రెండూ తీసుకోండి. ఎర్ర మీట నొక్కి బయటకు రండి.

5. కార్డు మిషనులో ఇరుక్కుంటే అక్కడున్నవాళ్ల మాట విని మళ్లీ పిన్ నొక్కకండి. అక్కడి నుంచే బ్యాంకుకు ఫోను చేయండి.

అప్పాచెల్లెళ్ల మాటలు

గాజువాకలో ఇద్దరు అప్పాచెల్లెళ్లు ఇలా మాట్లాడుకుంటున్నారు అనుకోండి.

చెల్లి: అప్పా! మిషనంటే నాకు బయ్యం. అక్కడున్న కుర్రాడికి కార్డిచ్చి తియ్యమంటాను.

అప్ప: అంకెలు కూడా చెప్పేస్తావా?

చెల్లి: చెప్పకపోతే ఎలాగ తీస్తాడు?

అప్ప: అయితే కొంగు ముడి ఆడి చేతికిచ్చేసినట్టే. నీ కార్డు ఉంచేసుకుని, అలాంటిదే ఇంకోటి నీ చేతిలో పెడితే?

చెల్లి: అన్నీ ఒక్కలాగే ఉంటాయి. నాకేటి తెలుస్తాది?

అప్ప: కార్డు మీద చివరి నాలుగంకెలు చదువు. ఇప్పుడు నీకు చదవడం వచ్చు కదా!

చెల్లి: మిషనులో ఇంగ్లీషు ఉంటాది కదప్పా?

అప్ప: చాలా మిషన్లలో తెలుగు కూడా ఉంటాది. తెలుగు అని ఉన్నచోట నొక్కు. పగలు, బ్యాంకు పక్కనున్న మిషనుకే వెళ్దాం. నాను తోడొస్తాను. మీటలు మాత్రం నువ్వే నొక్కు. పిన్ కొట్టేటప్పుడు నాను అటు తిరుగుతాను.

చెల్లి: నువ్వు నాకు పరాయిదానివా అప్పా?

అప్ప: కాదు. అయినా నీ అంకెలు నీవే.

చూశారా! ఆ కుర్రాడు మంచివాడే కావచ్చు. కాని ఎవరు మంచివాళ్లో ముఖం చూసి చెప్పలేం. చదువు వచ్చినవాళ్లకు ఆ అవసరమే లేదు. ఫోను చేసి పిన్ అడిగేవాళ్లు కూడా ఉంటారు. ఏ బ్యాంకూ పిన్ అడగదు. అడిగినవాడు దొంగ అనుకోండి.

ఇంకో మాట. రాయడం వచ్చింది కదా అని పిన్ నంబరును కార్డు మీద, కవరు మీద రాయకండి. ఏటీఎంను రూపొందించినవారిలో ఒకరు షెపర్డ్ బారన్. ఆయన మన దేశంలోని షిల్లాంగులో పుట్టారు. 1967 జూన్ 27న లండన్ నగరంలోని ఎన్‌ఫీల్డులో ఆయన మిషను మొదలైంది. పిన్‌కు ముందు ఆరు అంకెలు పెడదామనుకున్నారట. నాలుగైతేనే గుర్తుంటాయని ఆయన భార్య అన్నారట. ఈ సంగతి ఆయనే చెప్పారు. నాలుగు అంకెలు పెట్టింది మనసులో దాచుకోవడానికే.

డబ్బు పోతే ఏం చేయాలి?

ఖాతాలో డబ్బు తీయగానే ఫోనుకు మెసేజి వస్తుంది. మీ నంబరు బ్యాంకులో ఇచ్చి ఉండాలి. మెసేజి ఇంగ్లీషులో ఉందని వదిలేయకండి. అంకెలు చూడండి. ఎంత పోయింది, ఏ తేదీన పోయింది అందులో ఉంటుంది.

మీరు తీయని డబ్బు పోయిందా? ఏడుస్తూ కూర్చుంటే లాభం లేదు. కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబరుకు ఫోను చేసి కార్డు ఆపించండి. వాళ్లు ఇచ్చే ఫిర్యాదు నంబరు రాసుకోండి. 1930కి కూడా ఫోను చేయండి. అది సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు.

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఒక నియమం చేసింది. మన తప్పు లేకుండా బయటి దొంగ వల్ల డబ్బు పోయిందనుకోండి. బ్యాంకు మెసేజి వచ్చాక 3 పనిదినాలలోగా చెబితే మనకు నష్టం లేదు. 4 నుంచి 7 పనిదినాలలోగా చెబితే కొంత నష్టం మనకు ఉంటుంది. జన్ ధన్ వంటి బేసిక్ ఖాతాకు అది 5,000 రూపాయలు మించకూడదు. మామూలు సేవింగ్స్ ఖాతాకు 10,000 మించకూడదు. అదే మనం పిన్ ఎవరికైనా చెప్పి ఉంటే? బ్యాంకుకు తెలిపే వరకు పోయినదంతా మన నష్టమే. కనుక ఆలస్యం చేయకూడదు.

బ్యాంకులో కాగితం కూడా ఇవ్వండి. ఇలా రాయండి.

బ్యాంకు మేనేజరు గారికి,
అయ్యా,
నా పేరు .......... నా ఖాతా నంబరు .......... నా కార్డు చివరి 4 అంకెలు .......... తేదీ .......... న నా ఖాతా నుంచి .......... రూపాయలు ఏటీఎంలో తీసినట్టు మెసేజి వచ్చింది. ఆ డబ్బు నేను తీయలేదు. కార్డు నా దగ్గరే ఉంది. పిన్ ఎవరికీ చెప్పలేదు. ఫోను చేసి కార్డు ఆపించాను. ఫిర్యాదు నంబరు .......... విచారించి నా డబ్బు నా ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను.
ఇట్లు,
(సంతకం)

రెండు కాగితాలు రాయండి. ఒకటి బ్యాంకులో ఇవ్వండి. రెండోదాని మీద బ్యాంకు ముద్ర వేయించుకుని దాచుకోండి. 30 రోజుల్లో బ్యాంకు జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకుకు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448కి ఫోను చేయండి.

మాట్లాడుకుందాం

1. స్కిమ్మర్ ఎక్కడ పెడతారు?
2. కార్డు వివరాలు పోయినా పిన్ పోకపోతే ఏమవుతుంది?
3. మీ ఇంట్లో కార్డు ఎవరి దగ్గర ఉంటుంది? ఎందుకు?

మీ నోటు పుస్తకంలో రాద్దాం

1. నా కార్డు చివరి నాలుగు అంకెలు ..........
2. నా బ్యాంకు ఫోను నంబరు ..........
3. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు ..........
4. నా పిన్ నంబరు ..........

మొదటి మూడు ఖాళీలు పూరించండి. నాలుగోది ఖాళీగానే ఉంచండి.