పాఠం 14 : చిన్న టర్బో ఇంజనులో అధిక ఆయిల్ ఖర్చు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఇంజను ఎంత ఆయిల్ ఖర్చు చేస్తోందో కొలిచి లెక్క కట్టగలుగుతారు. గాలి గొట్టంలో ఆయిల్ కనబడినంత మాత్రాన టర్బో పాడైనట్లు ఎందుకు కాదో వివరించగలుగుతారు. ఏ పరీక్ష ముందు చేయాలో, ఏది తరువాత చేయాలో నిర్ణయించుకోగలుగుతారు.

14.1 పరిచయం

కిందటి పాఠంలో కందెన నూనె ఇంజనులో తిరిగే దారిని చదువుకొన్నారు. షెడ్డులో దాన్ని అందరూ ఆయిల్ అనే అంటారు కనుక ఇక్కడా ఆ మాటే వాడుదాం. సంపులోని ఆయిల్ పంపు ద్వారా పైకి వచ్చి, ఫిల్టరు దాటి, బేరింగులను తడిపి మళ్ళీ సంపులోకే జారుతుంది. దారి మూసి ఉన్నదే అయినా ప్రతి ఇంజనూ కొంత ఆయిల్ ఖర్చు చేస్తుంది. సిలిండరు గోడల మీద మిగిలే పల్చని పొర కొద్దికొద్దిగా కాలిపోతూనే ఉంటుంది. ఇది జబ్బు కాదు. ఆ కొద్ది హద్దు దాటినప్పుడే మనకు పని పడుతుంది.

మన రోడ్ల మీద చిన్న టర్బో ఇంజనులు కొత్తవేమీ కావు. 2007లో స్విఫ్ట్ డీజిల్‌తో బాగా ప్రచారంలోకి వచ్చిన 1248 సీసీ డీజిల్ ఇంజను, 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చేదాకా పలు కంపెనీల కార్లలో ఉండేది. ఆ కార్లలో చాలా వరకు ట్యాక్సీలుగా తిరిగాయి. పెట్రోలులో 2013లో పోలో 1.2 టీఎస్ఐ, 2017లో నెక్సాన్, 2019లో వెన్యూ వంటివి చిన్న టర్బో ఇంజనులతో వచ్చాయి.

ఇప్పుడు ఒక సందర్భం ఊహించుకోండి. ఒకతను సొంత ట్యాక్సీ నడుపుకొంటున్నాడు. 1.3 లీటర్ల టర్బో డీజిల్ కారు, రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. ఒకరోజు మలుపు తిరుగుతుండగా ఆయిల్ దీపం మినుకుమంది. డిప్‌స్టిక్కు తీస్తే కొనకు మాత్రమే తడి ఉంది. లీటరు పోసి బండి నడిపాడు. పదిహేను రోజులకు మళ్ళీ అదే స్థితి. షెడ్డుకు తీసుకువెళితే మేస్త్రీ టర్బో దగ్గరి గాలి గొట్టం విప్పి, లోపల వేలు పెట్టి తీసి, “చూడన్నా, ఆయిల్. టర్బో పోయింది, మార్చాల్సిందే” అన్నాడు. కొత్త టర్బో అంటే అతనికి ఒకటి రెండు నెలల సంపాదన. కారు మీద ఫైనాన్సు వాయిదాలు ఇంకా ఉన్నాయి. మేస్త్రీ అబద్ధం చెప్పలేదు, గొట్టంలో ఆయిల్ ఉన్నమాట నిజమే. మరి టర్బో మార్చాలా, వద్దా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకొని ముందుకు చదవండి.

14.2 ముందు కొలవండి

“బండి ఆయిల్ తాగేస్తోంది” అనే మాటతో ఏ పనీ మొదలుపెట్టకూడదు. ఎంత తాగుతోందో అంకెలో తెలియాలి.

కారును చదునైన నేల మీద ఆపండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆపి, అయిదు నుంచి పది నిమిషాలు ఆగండి. పైనున్న ఆయిల్ సంపులోకి దిగాలి కదా. డిప్‌స్టిక్కు తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీసి చూడండి. సరిగ్గా పై గీత దాకా ఆయిల్ పోయండి. మీటరు మీది కిలోమీటర్లు రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక అదే చోట, అదే పద్ధతిలో చూసి, మళ్ళీ పై గీత చేరడానికి ఎంత పట్టిందో కొలపాత్రతో పోసి తెలుసుకోండి.

పై గీత దాటించి పోయడం చాలామందికి అలవాటు. “ఉండనీ, ఎక్కువైతే మంచిదే” అనుకొంటారు. అది మంచిది కాదు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంకు చిలికి నురగ చేస్తుంది. ఆ నురగ బ్రీదరు గొట్టంలోంచి గాలి దారిలోకి పోతుంది. అంటే అతిగా పోయడమే అతి ఖర్చుకు కారణం కావచ్చు.

మన డ్రైవరు 800 కి.మీ. తిరిగాక 350 మి.లీ. పోయవలసి వచ్చిందనుకొందాం. 350ని 1000తో హెచ్చించి 800తో భాగిస్తే వెయ్యి కిలోమీటర్లకు సుమారు 437 మి.లీ. అవుతుంది. చాలా కార్లలో డిప్‌స్టిక్కు రెండు గీతల మధ్య దూరం సుమారు ఒక లీటరు. ఆ లెక్కన పై గీత నుంచి కింది గీతకు రావడానికి 2300 కి.మీ. కూడా పట్టదు. రోజుకు 200 కి.మీ. తిరిగే ట్యాక్సీకి అది పదకొండు పన్నెండు రోజుల పని.

కొన్ని కంపెనీల మాన్యువళ్ళలో వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు వరకు ఖర్చు కావచ్చని రాసి ఉంటుంది. ఈ అంకెను చూసి నిశ్చింతగా ఉండకండి. సంపులో సుమారు మూడు లీటర్లు పట్టే ఇంజను, పది వేల కిలోమీటర్ల సర్వీసు లోపల అయిదు లీటర్లు తాగితే, మధ్యలో పోయకుండా అది గమ్యం చేరదు. బాగున్న ఇంజను దీనికంటే చాలా తక్కువే తీసుకొంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నెలనెలా అంకె పెరుగుతోందా, నిలకడగా ఉందా అన్నది గమనించండి.

ఇంకొక సంగతి. ఎర్రని ఆయిల్ దీపం చూపేది మట్టాన్ని కాదు, ఒత్తిడిని. అది వెలిగేసరికే బేరింగులకు ఆయిల్ అందడం తగ్గిపోయి ఉంటుంది. వెంటనే పక్కకు ఆపి ఇంజను ఆపేయాలి. పైన చెప్పిన 1248 సీసీ ఇంజనులో టైమింగు చైనును బిగించి ఉంచేది కూడా ఆయిల్ ఒత్తిడే. అందువల్ల తక్కువ ఆయిల్‌తో నడిపితే నష్టం టర్బోతో ఆగదు.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 14.1
1. ఒక కారుకు 1500 కి.మీ. తిరిగాక 300 మి.లీ. ఆయిల్ పట్టింది. వెయ్యి కిలోమీటర్లకు ఎంత?
2. ఇంజను ఆపిన వెంటనే డిప్‌స్టిక్కు తీస్తే కొలత ఎందుకు తప్పుతుంది?

14.3 టర్బోలోంచి ఆయిల్ ఎందుకు వస్తుంది

పొగ గొట్టంలోకి పోయే వేడి వాయువులు టర్బైను చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసు రెండో కొనన ఉన్న కంప్రెసరు చక్రం గాలిని ఇంజనులోకి నెడుతుంది. చిన్న కార్ల టర్బోలో ఈ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లు కూడా దాటి తిరుగుతుంది. అంత వేగంలో ఇరుసు బేరింగు లోహాన్ని తాకితే క్షణాల్లో అరిగిపోతుంది. అది ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది.

ఈసారి షెడ్డులో టర్బోను చూసినప్పుడు దానికి ఉన్న రెండు ఆయిల్ గొట్టాలను పోల్చి చూడండి. ఆయిల్ తెచ్చే గొట్టం పెన్సిలంత సన్నం. తిరిగి తీసుకుపోయే గొట్టం బొటనవేలి కంటే లావు. ఎందుకంటే లోపలికి ఆయిల్ ఒత్తిడితో వస్తుంది. బయటికి మాత్రం నురగ కట్టి, తన బరువుతో తానే సంపులోకి జారాలి. తోసే పంపు అక్కడ లేదు.

టర్బో ఇరుసుకు రబ్బరు సీళ్ళు ఉండవు. ఆ వేడికి రబ్బరు నిలవదు. పిస్టన్ రింగుల్లాంటి సన్నని లోహపు రింగులు మాత్రం ఉంటాయి. అవి ఆయిల్‌ను పూర్తిగా బంధించలేవు. రెండు చక్రాల వైపు నుంచి వచ్చే గాలి, వాయువుల ఒత్తిడి, కిందికి తేలికగా జారే దారి, ఈ రెండూ కలిసి ఆయిల్‌ను లోపల ఉంచుతాయి. ఈ ఏర్పాటు ఎక్కడ చెడినా, బేరింగు కొత్తగా ఉన్నా సరే, ఆయిల్ చక్రాల వైపు వచ్చేస్తుంది.

ఎక్కడెక్కడ చెడుతుందో చూద్దాం. తిరుగు గొట్టం నొక్కుకుపోయి ఉండవచ్చు, మసిగట్టి ఉండవచ్చు. గ్యాస్కెట్టుకు బదులు దట్టంగా పూసిన సిలికాన్ పేస్టు లోపలికి ఒత్తుకొని వచ్చి దారి మూసిన సందర్భాలూ ఉంటాయి. అప్పుడు ఆయిల్ వెనక్కి నిలిచి పొంగుతుంది. సింకు కింది గొట్టం మూసుకుపోయి నీళ్ళు గట్టు మీదికి వస్తే మనం సింకును మార్చం కదా!

రెండోది క్రాంక్‌కేసులో ఒత్తిడి. పిస్టన్ల పక్కనుంచి కొద్దిగా వాయువు ఎప్పుడూ కిందికి దిగుతూ ఉంటుంది. దాన్ని బ్రీదరు బయటికి తీసి, గాలి ఫిల్టరు తరువాత గాలి గొట్టంలో కలుపుతుంది. బ్రీదరు మసితో పూడిపోతే ఆ వాయువు సంపులోనే నిలిచి, తిరుగు గొట్టంలో దిగివచ్చే ఆయిల్‌ను పైకి తంతుంది. పేరు టర్బోకు వస్తుంది, తప్పు బ్రీదరుది.

మూడోది గాలి ఫిల్టరు. అది దుమ్ముతో మూసుకుపోతే కంప్రెసరు గాలి దొరక్క పీల్చుకొంటుంది. ఆ పీల్పుకు బేరింగు వైపున ఉన్న ఆయిల్ కూడా వస్తుంది. అన్నిటికన్నా చవకైన భాగం ఇదే, అందరూ ఆఖరున చూసేదీ ఇదే.

బ్రీదరు వాయువు గాలి గొట్టంలోనే కలుస్తుందని చెప్పుకొన్నాం. కనుక అక్కడ పల్చని ఆయిల్ పొర ఉండటం మామూలు. వేలికి తడి అంటితే భయం లేదు. గొట్టం వంచితే కారేటంతగా, ఇంటర్‌కూలరు అడుగున గుంట కట్టేటంతగా ఉంటేనే అనుమానించాలి.

ఇప్పుడు పరీక్షల క్రమం. మొదట బయటి కారుడు చూడండి: వాల్వు కవరు, ఫిల్టరు అడుగు, సంపు ప్లగ్గు, క్రాంకు సీళ్ళు. తరువాత గాలి ఫిల్టరు. ఆ తరువాత ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూతను తిప్పి వదులు చేసి అక్కడే ఉంచండి. కాస్త అదిరితే ఫరవాలేదు. గంతులు వేస్తూ పక్కకు పడిపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి ఎక్కువ ఉన్నట్లు. (పెట్రోలు ఇంజనులో దీనికి విరుద్ధంగా మూత గట్టిగా అతుక్కుపోయి ఈల వేస్తే, బ్రీదరు వాల్వులోని పల్చని పొర చిరిగి ఉండవచ్చు.) బ్రీదరు, తిరుగు గొట్టం విప్పి శుభ్రం చేయండి.

చివరికి ఇంజను చల్లారాక టర్బో ఇరుసును వేళ్ళతో పట్టి చూడండి. పక్కలకు కొద్దిగా కదలడం సహజమే, ఆయిల్ పొరకు చోటు కావాలి. ముందుకు వెనక్కు చేతికి తెలిసేటంత ఆట ఉన్నా, చక్రం గోడను రాసుకొన్న గుర్తులున్నా టర్బో నిజంగానే పాడైంది. అలా మార్చినప్పుడు కూడా పాతదాన్ని పాడుచేసిన కారణం సరిచేయకపోతే కొత్తదీ అదే దారి పడుతుంది.

14.4 రింగులు, వాల్వు సీళ్ళు

టర్బో నిర్దోషి అయితే ఆయిల్ సిలిండరులోకి వెళుతోందేమో చూడాలి. నీలి పొగ ఎప్పుడు వస్తోందో అడగండి. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్టు చేయగానే గుప్పున వచ్చి ఆగితే వాల్వు సీళ్ళ మీద అనుమానం. బరువు లాగుతున్నప్పుడు విడవకుండా వస్తే రింగుల మీద. పొగ లేనంత మాత్రాన ఖర్చు లేదనకండి. వేడెక్కిన కెటలిటిక్ కన్వర్టరు కొంత పొగను దాచేస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు తరచు జరుగుతుంది. కంప్రెషను పరీక్ష చేస్తారు, బాగుందంటారు, రింగులు మంచివని రాసేస్తారు. పిస్టన్ మీద ఉన్న పై రెండు రింగులు ప్రధానంగా వాయువును ఆపుతాయి. కింది రింగు ఆయిల్‌ను గోడ మీదినుంచి గీకి, పిస్టన్ రంధ్రాల ద్వారా వెనక్కి పంపుతుంది. ఆ రంధ్రాలు మసితో మూసుకుపోయి కింది రింగు బిగుసుకుపోయినా కంప్రెషను చక్కగా చూపవచ్చు. అమెరికాలో 2009-2011 మోడల్ ఆడి కార్ల 2.0 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనుల ఆయిల్ ఖర్చు మీద వినియోగదారులు కోర్టుకు వెళ్ళారు; వాటికి చేసిన మరమ్మతులో పిస్టన్లను, రింగులను మార్చడమే ప్రధానం.

14.5 జాగ్రత్త : ఆగని డీజిల్ ఇంజను

ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి. పెట్రోలు ఇంజను తాళం తిప్పితే నిప్పురవ్వ ఆగి, ఇంజను ఆగుతుంది. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కరలేదు. టర్బోలోంచో, ఇంటర్‌కూలరులో నిలిచినదో ఆయిల్ ధారగా సిలిండర్లలోకి పోతే అదే ఇంధనమై, ఇంజను తనంతట తాను వేగం పెంచుకొంటూ పోతుంది. తాళం తీసినా ఆగదు. తెల్లని, నీలి పొగ దట్టంగా కమ్ముతుంది. గేర్లు మనమే వేసే కారైతే గట్టిగా బ్రేకు తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, అయిదో గేరు వేసి క్లచ్చిని ఒక్కసారిగా వదలాలి. ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. అది వీలుకాకపోతే అందరినీ దించి దూరంగా వెళ్ళండి. గాలి గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టవద్దు. టర్బో మార్చిన ప్రతిసారీ ఇంటర్‌కూలరును విప్పి ఖాళీ చేయమనేది కూడా ఇందుకే.

14.6 ఆయిల్, అలవాట్లు

ఖర్చు తగ్గించడానికి చిక్కని ఆయిల్ పోయమని సలహా ఇస్తుంటారు. టర్బో ఉన్న బండికి అది చెరుపు చేస్తుంది. చల్లని ఉదయం చిక్కని ఆయిల్ ఆ సన్నని గొట్టంలో ఆలస్యంగా ఎక్కుతుంది, ఈలోగా ఇరుసు ఎండిపోయి తిరుగుతుంది. మాన్యువల్లో చెప్పిన గ్రేడే వాడండి. హైవే మీద వేగంగా వచ్చి హోటలు ముందు ఆపగానే తాళం తీయకండి. ఆయిల్ కదలిక ఆగి, టర్బోలో మిగిలినది ఆ వేడికి మాడి మసి అవుతుంది. ఒక నిమిషం నెమ్మదిగా తిరగనివ్వండి.

పాఠ్యాంతర్గత ప్రశ్నలు 14.2
1. టర్బో తిరుగు గొట్టం ఎందుకు లావుగా ఉంటుంది?
2. మన డ్రైవరు కారులో గాలి ఫిల్టరు బాగుంది. ఆయిల్ మూత గంతులు వేసింది. ఇరుసులో ముందువెనకల ఆట లేదు. కంప్రెషను నాలుగు సిలిండర్లలోనూ సమానంగా, సరిగా ఉంది. మీరేం చేస్తారు?

జవాబులు

14.1 : (1) 200 మి.లీ. (2) పైభాగంలోని ఆయిల్ ఇంకా సంపులోకి దిగదు. మట్టం తక్కువ చూపుతుంది.

14.2 : (1) నురగ కట్టిన ఆయిల్ ఒత్తిడి లేకుండా తన బరువుతో దిగాలి కనుక. (2) టర్బో మార్చవద్దు. కంప్రెషను సరిగా ఉంది కనుక మొదటి అనుమానం బ్రీదరు మీద. దాన్ని, తిరుగు గొట్టాన్ని, ఇంటర్‌కూలరును శుభ్రం చేసి, మూత పరీక్ష మళ్ళీ చేయాలి. పై గీత దాకా ఆయిల్ పోసి వెయ్యి కిలోమీటర్లు తిప్పి కొలవాలి. 437 మి.లీ. బాగా తగ్గితే పని అయినట్లే. తగ్గకపోతే కింది రింగు సంగతి చూడాలి. అప్పటిదాకా వారానికి రెండుసార్లు డిప్‌స్టిక్కు చూసుకోమని, డిక్కీలో ఒక లీటరు డబ్బా ఉంచుకోమని డ్రైవరుకు చెప్పాలి.