కరెంటు కంపెనీ షేరు – 200 రోజుల సగటు

షేరు ధర రోజూ మారుతుంది. అది ఎక్కువో తక్కువో చూసుకోవడానికి పి.జి.లో మేము నేర్చుకున్న లెక్క ఇది.

గత 200 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరలు కూడి 200తో భాగించాలి. రోజూ కొత్త ధర చేరి, అన్నిటికన్నా పాతది పోతుంది. దీన్నే మూవింగ్ యావరేజి అంటారు.

ఉదాహరణకు ఐదు రోజుల ధరలు 100, 102, 98, 104, 96. సగటు 100. ఆరో రోజు ధర 110 అయితే సగటు 102. ధర 14 రూపాయలు ఎగిరినా సగటు కదిలింది 2 రూపాయలే.

రామగుండంలో కరెంటు తయారుచేసే ఎన్‌టీపీసీ 2004లో 62 రూపాయలకు షేర్లు ఇచ్చింది. దాని టారిఫ్‌ను, పెట్టుబడిపై రాబడిని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తుంది. అందుకే ఇలాంటి కంపెనీల లాభాలు సాధారణంగా నిదానంగా పెరుగుతాయి. ధర సగటుకు బాగా పైన ఉంటే కారణం లాభమా, జనం ఆశా అని అడగాలి.

అయితే సగటు చెప్పేది పాత ధరల సంగతే. ధర దాని కిందికి దిగినంత మాత్రాన షేరు చవక కాదు. లాభం, డివిడెండు, అప్పు చూశాకే విలువ తెలుస్తుంది.

మా ఇళ్లలో మొదటి డిగ్రీ మాదే. స్కాలర్‌షిప్ రాగానే షేర్లు కొందామనుకున్నాం. ఈ లెక్క వేశాక ముందు పరీక్ష ఫీజు కట్టాం. అమ్మానాన్నల కూలి డబ్బును లెక్క తెలియకుండా పందెం కాయకండి.