దుర్గాబాయి సేవానుభవాలు

‘స్వచ్ఛంద సేవ’ అనే మాట నేడు కళాశాలల్లో తరచుగా వినిపిస్తూ ఉంటుంది. జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థులు గ్రామాలకు వెళ్ళి వీధులు శుభ్రపరచినా, మొక్కలు నాటినా, రక్తదాన శిబిరాలు నడిపినా ఆ పనులన్నింటినీ ఈ ఒక్క మాటతోనే పేర్కొంటున్నాం. సంస్కృతంలో ‘ఛందము’ అనగా ఇష్టం. స్వచ్ఛందమనగా తన ఇష్టం. ఒకనాడు కావ్యాలలో విహారానికి విశేషణంగా ఒదిగిన ఈ పదం ఆధునిక కాలంలో సేవకు విశేషణమయింది. ఒకరు ఆజ్ఞాపించగా కాక, తనంత తానుగా చేసే సేవ అని దీని భావం. అయితే సేవకు ఇష్టం ఒక్కటే చాలునా? ఇష్టపడి వచ్చినవారు నియమానికి కట్టుబడనవసరం లేదా? చేతకాని పనిని కేవలం సదుద్దేశంతో నెత్తిన వేసుకోవచ్చునా? ఈ ప్రశ్నలు దుర్గాబాయి జీవితంలో ఒకదాని వెంట ఒకటిగా ఎదురయ్యాయి.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమహేంద్రవరంలో జన్మించింది. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. బాల్యం కాకినాడలో గడిచింది. చింతామణి దేశ్‌ముఖ్‌తో వివాహం జరిగిన 1953 నుండి మాత్రమే ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయింది. ఇక్కడ చెప్పబోయే అనుభవాలలో ఎక్కువ భాగం అంతకు ముందటివి. వీటిలో పెక్కింటిని ఆమె జీవిత చరమ దశలో ఇంగ్లీషులో రచించిన ‘చింతామన్ అండ్ ఐ’ అనే ఆత్మకథలో చెప్పుకొంది.

సేవాభావం ఆమెకు ఉపన్యాసాల వల్ల కలిగింది కాదు. ఆ రోజుల్లో కోస్తా పట్టణాలను కలరా, ప్లేగు వంటి వ్యాధులు పట్టి పీడించేవి. వ్యాధి సోకిన ఇంటి గడప తొక్కడానికి అయినవారే జంకేవారు. అటువంటి సమయాల్లో రామారావు రోగుల ఇళ్ళకు వెళ్ళి పరిచర్య చేసేవారు. మరణించినవారిని శ్మశానానికి చేర్చడంలో తానూ ఒక భుజం పట్టేవారు. ఆయన చిన్న వయస్సులోనే కన్నుమూశారు. అయినా ఆ కొద్ది కాలంలో కుమార్తె కళ్ళారా చూసినది ఆమె మనస్సులో చెరగకుండా నిలిచిపోయింది.

1921 ఏప్రిల్ 2న గాంధీజీ కాకినాడకు వచ్చారు. అప్పటికి దుర్గాబాయికి పన్నెండేళ్ళు నిండలేదు. పట్టణమంతా ఆయన రాక కోసం ఎదురుచూస్తూ ఉండగా ఆ బాలిక ఆలోచన వేరొక దిక్కుకు సాగింది. కాకినాడలో దేవదాసీ కుటుంబాలు ఉండేవి. ఆలయంలో దేవునికి అంకితమైనవారన్న పేరే గాని, సంఘంలో వారికి గౌరవమైన స్థానం లేదు. అట్లాగే పరదా మాటున జీవించే ముస్లిం స్త్రీలు ఉండేవారు. పురుషులతో నిండిన బహిరంగ సభకు ఈ ఇరువర్గాల స్త్రీలూ రాలేరు. తమకు విముక్తి చెప్పగల మహానుభావుడు ఊరిలోకి వచ్చి వెళ్ళిపోతే, ఆ మాట అందరికన్నా ఎక్కువగా వినవలసినవారే వినకుండా మిగిలిపోతారు. వారి కోసం ప్రత్యేకంగా ఒక సభ ఏర్పాటు చేయాలని దుర్గాబాయి సంకల్పించింది.

గాంధీజీ పర్యటన ఏర్పాట్లు చూస్తున్న పెద్దలను ఆమె కలిసింది. నిధికి అయిదు వేల రూపాయలు సమకూర్చితే కొద్ది నిమిషాల సమయం ఇప్పించగలమని వారు చెప్పారు. ఆనాటి అయిదు వేలు సామాన్యమైన మొత్తం కాదు. పసిపిల్లను సాగనంపడానికి ఇంతకన్నా మర్యాదైన మార్గం లేదని వారు భావించి ఉండవచ్చు. ఆమె మాత్రం దానిని తిరస్కారంగా తీసుకోలేదు. నేరుగా దేవదాసీల వద్దకు వెళ్ళి విషయం చెప్పింది. వారం రోజులలోనే వారు ఆ మొత్తం సమకూర్చారు. సొమ్ము చేతికి వచ్చాక స్థలం సమస్య ఎదురయింది. ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు తమ బడి ఆవరణను ఇవ్వడానికి అంగీకరించడంతో ఆ చిక్కు తీరింది.

కొద్ది నిమిషాల కోసం వచ్చిన గాంధీజీ అక్కడ అనుకొన్నదానికన్నా చాలా ఎక్కువసేపు ఉన్నారు. ఆయన హిందీలో మాట్లాడగా దుర్గాబాయి తెలుగులో చెప్పింది. ఆయన మాటలు విన్న స్త్రీలు తమ ఒంటి మీది గాజులు, గొలుసులు తీసి ఆయన ముందుంచారు. నగలు, నగదు కలిపి దాదాపు ఇరవై అయిదు వేల రూపాయలయింది. దుర్గాబాయి తన చేతి బంగారు గాజులు కూడా ఇచ్చివేసింది. అక్కడి నుండి గాంధీజీ పురజనుల సభకు వెళ్ళారు. ఆ సభలో అనువాదానికి పెద్దలు వేరే ఏర్పాటు చేసి ఉన్నా, ఆయన ఈ బాలికనే అనువదించమన్నారు.

ఈ ఘట్టాన్ని ఒక బాలిక ధైర్యానికి ఉదాహరణగా చెప్పి ఊరుకోవడం పరిపాటి. అందులో అంతకు మించిన విశేషం ఉంది. దేవదాసీలను ఉద్ధరించవలసిన అభాగినులుగా భావించిన సంస్కర్తలు ఆనాడు ఎందరో ఉన్నారు. వారిని ఇవ్వగలిగినవారుగా, ఒక జాతీయ కార్యంలో భాగస్వాములుగా భావించి గుమ్మం తట్టినవారు అరుదు. దుర్గాబాయి వారికి ఏమీ ఇవ్వలేదు. ఇమ్మని అడిగింది. అడగడమే వారికి దక్కిన గౌరవమయింది. మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం రావడానికి 1947 వరకూ కాలం పట్టిందని గుర్తుంచుకుంటే, ఇరవై ఆరేళ్ళ ముందు జరిగిన ఆ చిన్న సభ విలువ తెలుస్తుంది.

పాఠశాలలో ఇంగ్లీషు మాధ్యమాన్ని నిర్బంధంగా ప్రవేశపెట్టడం నచ్చక ఆమె బడి మానివేసింది. హిందీ నేర్చుకొని, పన్నెండు పదమూడేళ్ళ ప్రాయంలోనే ఇంటి వద్ద బాలికా హిందీ పాఠశాల ప్రారంభించింది. తన కన్నా వయస్సులో ఎంతో పెద్దవారైన స్త్రీలకు పాఠం చెప్పింది. కన్నతల్లి కూడా ఆమె వద్ద హిందీ నేర్చి, ఆ బడి పనిలో తోడ్పడింది. 1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు హిందీ తెలిసిన స్త్రీ కార్యకర్తలు పెద్ద సంఖ్యలో కావలసివచ్చారు. వారిలో చాలామందికి శిక్షణ ఇచ్చింది ఈ చిన్న బడియే. విచిత్రమేమిటంటే, ఇందరిని తయారుచేసిన బాలికకు వయస్సు చాలదన్న కారణంతో మహాసభ ప్రాంగణంలో అవకాశం లభించలేదు. ఆ సందర్భంగా ఏర్పాటైన ఖాదీ ప్రదర్శనశాల ద్వారం వద్ద టిక్కెట్లు చూసే పని అప్పగించారు. ఆమె చిన్నబుచ్చుకోకుండా ఆ పనికి పూనుకొంది.

ఆ ద్వారం వద్ద జరిగినది తెలుగువారికి సుపరిచితమే. టిక్కెట్టు లేకుండా లోనికి రాబోయిన జవహర్‌లాల్ నెహ్రూను దుర్గాబాయి అడ్డగించింది. ఆయన ఎవరో ఆమెకు తెలుసు. టిక్కెట్టు లేనివారిని పంపరాదన్న ఆదేశమూ తెలుసు. నిర్వాహకులు నొచ్చుకొని, ఆమెను మందలించి, టిక్కెట్టు తెచ్చిన తరువాతనే ఆమె దారి ఇచ్చింది. నెహ్రూ ఆమె కర్తవ్యదీక్షను మెచ్చుకొన్నారు. కథ ఇంతే. కాని దీనికి సాధారణంగా ఎవరూ చెప్పని ఒక నేపథ్యం ఉంది. దేశంలోని కాంగ్రెస్ సేవాకార్యకర్తలందరినీ ఒక క్రమశిక్షణ కిందికి తేవాలని డాక్టర్ హార్డీకర్ తలపెట్టిన హిందూస్థానీ సేవాదళం పుట్టినది ఈ కాకినాడ సభల సందర్భంలోనే. దాని తొలి అధ్యక్షుడు నెహ్రూయే. కార్యకర్తకు క్రమశిక్షణ ఎట్లా ఉండాలో చర్చించడానికి వచ్చిన నాయకునికి, ప్రదర్శనశాల గుమ్మంలోనే అది ఎదురయిందన్నమాట! ఇష్టపడి వచ్చిన పని కదా అని నియమాన్ని కూడా ఇష్టం వచ్చినట్లు సడలించుకోవచ్చునని ఆ పద్నాలుగేళ్ళ బాలిక అనుకోలేదు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో ఉద్యమకారులకు నాయకత్వం వహించి దుర్గాబాయి అరెస్టయింది. 1930, 1933 సంవత్సరాల మధ్య మూడు పర్యాయాలు కారాగారవాసం అనుభవించింది. మధుర జైలులో ఏకాంత శిక్ష ఆమె ఆరోగ్యాన్ని కుంగదీసింది. ఈ కష్టాలు ఆనాటి దేశభక్తులు ఎందరో పడినవే. ఆమె జీవితాన్ని మలుపు తిప్పినది మాత్రం జైలులో పరిచయమైన సామాన్య స్త్రీలు. వారిలో హత్యానేరం మీద శిక్ష పడినవారు కూడా ఉన్నారు. న్యాయస్థానంలో తమ మీద మోపిన నేరమేమిటో, దానికి ఏమని బదులు చెప్పాలో తెలియక, తమ పక్షాన మాట్లాడేవారు లేక శిక్షకు గురైనవారి కథలు ఆమె విన్నది. కన్నీరు తుడవడం ఆమెకు చేతనవును. కాని వారికి కావలసినది ఓదార్పు కాదు, న్యాయవాది. ఆ పని చేయాలంటే చదువు కావాలి. తనకు ఆ చదువు లేదు.

ఇరవై నాలుగేళ్ళు దాటిన వయస్సులో, దేశమంతా పేరు తెలిసిన సత్యాగ్రహి అయి ఉండి, ఆమె తిరిగి అక్షరాలు దిద్దుకొనే విద్యార్థి వలె పుస్తకాలు పట్టింది. విడిచిపెట్టిన ఇంగ్లీషును మొదటి నుండి నేర్చుకొంది. ప్రైవేటుగా చదివి కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్ష నెగ్గింది. ఆనర్సు చదవడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్ళగా, స్త్రీలకు వసతిగృహం లేదు కనుక ప్రవేశం కష్టమని ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి చెప్పారు. దుర్గాబాయి పత్రికలలో ప్రకటన వేయించింది. వసతి లేక చదువు మానుకొన్న యువతులు కొందరు స్పందించారు. వారితో కలసి తానే ఒక వసతిగృహం ఏర్పాటు చేసి, మళ్ళీ ఆయన వద్దకు వెళ్ళింది. ఈసారి కాదనడానికి కారణం మిగలలేదు. తనకొక్కదానికి ప్రవేశం సంపాదించుకోవడానికి సిఫారసు వెదకి ఉంటే సరిపోయేది. ఆమె తలుపు తీయించిన తీరు వల్ల తన వెనుక మరికొందరు లోనికి రాగలిగారు. 1942 నాటికి న్యాయశాస్త్రంలో పట్టం పొంది మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టింది.

ఈ చదువు సాగుతున్న కాలంలోనే మద్రాసు మైలాపూరులో మరొక పని మొదలయింది. ఇరుగుపొరుగు బాలికలను చేరదీసి ఆమె ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అనే సంఘాన్ని నడిపింది. తాను ప్రైవేటుగా నెగ్గిన కాశీ మెట్రిక్యులేషన్‌కే, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను సిద్ధం చేయసాగింది. వారిలో వితంతువులు, భర్తలు విడిచినవారు, బాల్యంలోనే వివాహమై బడి మానినవారు ఉన్నారు. దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆమె ఆ బంధం నుండి తొలగింది. కనుక ఆ స్త్రీల స్థితి ఆమెకు వేరొకరు వివరించనవసరం లేదు. ఈ చిన్న తరగతియే 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపొందింది. చదువుతో పాటు చేతిపనులు, నర్సుల శిక్షణ, వైద్యశాల క్రమంగా దానిలో చేరాయి. కాలక్రమాన సభ కార్యరంగం హైదరాబాదుకు కూడా విస్తరించి, అక్కడ కళాశాలలు, వైద్యశాల వెలిశాయి.

రాజ్యాంగ సభలోనూ, ఆ పిదప ప్రణాళికా సంఘంలోనూ దుర్గాబాయి సభ్యురాలయింది. దేశం నలుమూలలా చిన్న చిన్న సేవాసంస్థలు చందాల మీద ఆధారపడి కృశిస్తూ ఉండడం ఆమె ఎరుగును. మొదటి పంచవర్ష ప్రణాళికలో అటువంటి సంస్థల సహాయార్థం నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ ధనాన్ని పంపిణీ చేయడానికి 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా, ఆమె దాని తొలి అధ్యక్షురాలయింది. ప్రభుత్వం ధనమిస్తే స్వచ్ఛంద సంస్థ స్వతంత్రత పోదా అని కొందరికి సందేహం కలగవచ్చు. అది తేలికగా తోసివేయదగిన సందేహం కాదు. ఆమె ఎంచుకొన్న మార్గం, ప్రభుత్వోద్యోగులతో కాక సాంఘిక సేవలో అనుభవం గలవారితో మండలిని నడపడం.

1958లో ఆ మండలి ఒక కొత్త పథకం చేపట్టింది. చిన్నతనంలో బడి మానిన వయోజన స్త్రీలకు, ఏళ్ళ తరబడి సాగే పాఠశాల చదువును రెండేళ్ళకు కుదించి చెప్పి, పరీక్షకు పంపడం దాని పద్ధతి. వీటిని సంక్షిప్త విద్యా కోర్సులని పిలిచారు. పల్లెల్లో పనిచేయడానికి గ్రామసేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులు కావలసి ఉండగా, ఆ ఉద్యోగాలకు కనీస విద్యార్హత గల స్త్రీలు గ్రామాలలో దొరకని కాలమది. ఊరి స్త్రీనే చదివించి ఊరి సేవకు సిద్ధం చేయడానికి ఈ కోర్సులు తోడ్పడ్డాయి. మైలాపూరు ఇంటిలో కాశీ పరీక్ష కోసం కొద్దిమందికి చెప్పిన పాఠమే, ఇరవై ఏళ్ళు గడిచేసరికి దేశంలోని అనేక రాష్ట్రాలలో తరగతి గదులకు చేరింది. వాటిలో కూర్చున్నవారిలో చాలామంది చంకన బిడ్డతో వచ్చి, పలక పట్టినవారు.