పోలిక వేరు, చుట్టరికం వేరు

సొరచేప, తిమింగలం, నీటిగుర్రం: ఈ మూడింటిలో దగ్గరి చుట్టాలు ఏ రెండు? జంతుశాస్త్రం క్లాసులో ఏటా నేనడిగే ప్రశ్న ఇది. మొదటి రెండూ అని వెంటనే జవాబు వస్తుంది. రెండూ ఉండేది సముద్రంలోనే, ఆకారమూ ఒకటే కదా అంటారు. కాని చుట్టరికం తేల్చవలసింది నివాసాన్ని బట్టి కాదు, పూర్వీకులను బట్టి.

ఒకే రకంగా బతికే ప్రాణులకు, దగ్గరి బంధుత్వం లేకపోయినా, ఒకే రకమైన రూపం రావచ్చు. నీటిని చీల్చుకుపోవడానికి కదురు ఆకారపు దేహం అనుకూలం. సొరచేపకూ తిమింగలానికీ అది విడివిడిగా ఏర్పడింది. తిమింగలం గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిస్తుంది, కనుక క్షీరదం. అయితే పాలివ్వడం ఆవుకూ పిల్లికీ కూడా ఉన్నదే. క్షీరదాలలో దానికి ఎవరు దగ్గరో తేలాలంటే, కొన్నిటికి మాత్రమే ఉమ్మడిగా సంక్రమించిన కొత్త లక్షణం కావాలి. జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్లీ హెన్నిగ్ 1950లో వివరించిన పద్ధతి ఇదే.

ఇక సాక్ష్యాలు చూద్దాం. పాకిస్తాన్‌లో దొరికిన ప్రాచీన తిమింగలాల శిలాజాలకు కాళ్ళున్నాయి. వాటి చీలమండ ఎముక రెండు చివరలా గిలకలా ఉందని 2001లో ప్రకటించారు. మేక, పంది, నీటిగుర్రం వంటి జత గిట్టల జంతువుల ప్రత్యేకత అది. అంతకుముందే, 1999లో, జపాన్ శాస్త్రజ్ఞులు డి.ఎన్.ఎ.ను పరిశీలించారు. కొన్ని జన్యు తునకలు తిమింగలంలోనూ నీటిగుర్రంలోనూ సరిగ్గా ఒకే చోట్ల చొరబడి ఉన్నాయి. పందిలో ఆ చోట్ల లేవు.

మరో సాక్ష్యం మన దేశానిదే. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ శిలాజాలను బట్టి భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎ. రంగారావు 1971లో ఇండోహ్యూస్ అనే జంతువుకు పేరు పెట్టారు. సుమారు 4.8 కోట్ల ఏళ్ళనాటి, పిల్లి అంత ఉండే గిట్టల జంతువు. ఆయన మరణానంతరం ఆయన సేకరించిన రాళ్ళు అమెరికాలో థీవిసన్ అనే శాస్త్రజ్ఞుని చేతికి వచ్చాయి. శుభ్రం చేస్తుండగా ఒక చెవి ఎముక విరిగింది. చూస్తే, దాని లోపలి గోడ తిమింగలాల్లో మాదిరే మందంగా ఉంది! 2007లో ఈ సంగతి లోకానికి తెలిసింది.

నీటిగుర్రమే తిమింగలంగా మారిందని మాత్రం అనుకోకండి. రెండూ ఒకే పూర్వీకుని నుంచి చీలిన కొమ్మలు. పాత పుస్తకాలు నీటిగుర్రాన్ని పంది పక్కన చేర్చాయి. సాక్ష్యాలు వచ్చాక ఆ పట్టిక మారింది. కనుక విద్యార్థి మిత్రులారా, వర్గీకరణను వల్లెవేసి వదలకండి. రికార్డులో రాసే ప్రతి పేరు దగ్గరా “ఏ లక్షణాన్ని బట్టి?” అని అడగండి. మమ్మల్నీ అడగండి.