మచ్చ ఎక్కడ ఉంది? – బుచ్చిబాబు నవల గూర్చి ఒక సైన్సు విద్యార్థి

బుచ్చిబాబు పేరెత్తగానే మనమంతా "మనోవైజ్ఞానిక నవల" అని ఒక మాట అనేసి ముందుకు సాగిపోతాం. పరీక్షలో అదే వ్రాస్తే మార్కులూ పడతాయి. కాని ఆ మాట వెనుక ఏముందో తెలియాలంటే "చివరకు మిగిలేది" చదవక తప్పదు. బి.యస్సీ. చదివేవానికి ఈ నవలతో ఏం పని అని మిత్రులు అడిగారు. పని ఉంది. ఈ నవల నిలబడ్డదే వంశపారంపర్యం అనే ప్రశ్న మీద!

బుచ్చిబాబు అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 1916లో ఏలూరులో పుట్టారు. ఇంగ్లీషు సాహిత్యం చదివి, అనంతపురంలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, తర్వాత ఆకాశవాణిలో చేరారు. బొమ్మలు కూడా వేసేవారు. 1967లో కన్నుమూశారు. "చివరకు మిగిలేది" 1946-47లో నవోదయ పత్రికలో సీరియల్‌గా వచ్చింది.

కథానాయకుడు దయానిధి డాక్టరు. అతని తల్లిని గురించి ఊరు చెడుగా చెప్పుకుంటుంది. ఆమె చేసిందేమిటో రచయిత మనకు తేల్చి చెప్పరు. మనమూ ఊరి జనంలాగే చెవులు రిక్కించి కూర్చుంటాం. తల్లి చనిపోతుంది, మాట మాత్రం చావదు. పెండ్లి, వైద్యం, స్నేహం, ఏది మొదలుపెట్టినా ఆ మాట అతనికన్న ముందే అక్కడికి చేరుకుంటుంది.

ఇక్కడ మా నడిగడ్డ సంగతి ఒకటి చెప్పాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు మిత్రులకు పల్లి చేను తెలిసినంతగా సీడు పత్తి తెలియదేమో. గద్వాల చుట్టుపక్కల మా బోటి రైతులు పండించేది బట్టకు పోయే పత్తి కాదు, విత్తనం. రేపు విచ్చబోయే మొగ్గను ఈ రోజే గిల్లి, కేసరాలన్నీ ఒలిచేస్తారు. మరునాడు పొద్దున మగచెట్టు పువ్వు తెచ్చి దాని కీలాగ్రానికి రుద్దుతారు. ఒక్క మొగ్గ తప్పిపోయినా అది తన పుప్పొడితోనే కాయ కట్టి విత్తనంలో కల్తీ అవుతుంది. అందుకే కంపెనీవాళ్ళు ఆ విత్తనాన్ని నాటి, మొలిచిన చెట్లను చూసి, పాసో ఫెయిలో చెబుతారు. మాది ఒక ఏడు ఫెయిలయింది. ఆ బాధ చెప్పనలవి కాదు. కాని ఒకటి ఒప్పుకోవాలి, వాళ్ళు నాటి చూసిన తర్వాతనే ఫెయిలన్నారు.

మనుషుల విషయంలో ఊరు నాటి చూడదు. మా ఊళ్ళో ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక పిల్లకు కుదిరిన సంబంధం తప్పిపోయింది. "తల్లి సంగతి తెలవదా?" అన్న ఒక్క మాట చాలింది. తల్లి నడత బిడ్డ క్రోమోజోములలో వ్రాసి ఉండదని జువాలజీ చదివిన ప్రతివానికీ తెలుసు. ఆ పెండ్లికొడుకు తరఫువారిలో డిగ్రీ చదివినవారూ ఉన్నారు!

బుచ్చిబాబు ఇంకో మెట్టు ముందుకు వెళ్ళారు. మచ్చ దయానిధి నెత్తురులో లేదు, నిజమే. కాని ఊరి మాటను అతడే నమ్మాడు. చలం "మైదానం"లో రాజేశ్వరి గడప దాటి వెళ్ళిపోతుంది. ఆమెకు సంఘం బయట ఉన్న శత్రువు. దయానిధి ఎంత దూరం పోయినా లాభం లేదు, సంఘం అతని తలలోనే పంచాయితీ పెట్టి కూర్చుంది. వాదీ తానే, ప్రతివాదీ తానే. మన సాహిత్యంలో "చైతన్యం" అన్న మాటకు ఇంత భయంకరమైన అర్థం ఉండగలదని నాకు ఈ నవల చదివాకనే తెలిసింది.

మోహం విషయంలోనూ ఆయనది సులువైన తీర్పు కాదు. కోమలి అందం దయానిధిని లాగుతుంది. అమృతం వివాహిత. వారిద్దరి మధ్య ఒక రాత్రి జరిగినదాన్ని రచయిత పాపమని శిక్షించరు, స్వేచ్ఛ అని చప్పట్లూ కొట్టరు. అమృతం దాన్ని తన బ్రతుకులో కలుపుకుని నిలబడుతుంది. దయానిధి మాత్రం విప్పి చూసుకుంటూనే ఉంటాడు. నీతి అంటే ఏం చేశామన్నది ఒక్కటే కాదు, చేసినదానితో ఎట్లా బ్రతుకుతున్నామన్నది కూడా అని నేను అర్థం చేసుకున్నాను. ప్రేమకన్న ముందు మనుషులకు కావలసింది ద్వేషించకుండా ఉండడం, కాస్త దయ. నాయకుడి పేరు ఊరికే పెట్టలేదు.

అయితే నాకు ఒక కంప్లయింటు ఉంది. రచయితలోని చిత్రకారుడు కొన్నిచోట్ల నవలాకారుణ్ణి మింగేశాడు. కోమలిని, చెట్లను, ఆకాశాన్ని ఒకే కుంచెతో చూస్తారు. చూసినంతసేపు బాగుంటుంది గాని, కోమలి ఏమనుకుంటున్నదో మనకు అందదు. ఇక ఆ తల్లి! ఊరంతా ఆమెను గురించి మాట్లాడుతుంది, కొడుకు జీవితమంతా ఆమెను గురించే ఆలోచిస్తాడు. ఆమె వైపు నుంచి పది పేజీలు ఉంటే ఎంత బాగుండేది! మా ఊరి పిల్ల తల్లిని కూడా ఎవరూ ఏమీ అడగలేదు.

దయానిధికి రాయలసీమలో వజ్రం దొరకడం కొందరికి కట్టుకథలాగ తోస్తుందట. తుంగభద్ర దాటితే తుగ్గలి, జొన్నగిరి దిక్కున తొలకరి వానలకు జనం ఇప్పటికీ చేలల్లో వజ్రాలు వెదుకుతారు. నాకు అది కట్టుకథ కాదు. కాని ఆ వజ్రం ఇచ్చిన తీరికను మరువకూడదు. తన మనస్సును తాను అంత నిదానంగా తరచి చూసుకోవడానికి కూలి పనికి పోయేవానికి పొద్దు చాలదు.

ఆ లోటు తీర్చినవారు నవీన్. 1969లో వచ్చిన "అంపశయ్య"లో ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి మనస్సు ఒక్క రోజంతా మన ముందు పరుగెత్తుతుంది. పల్లె నుంచి వచ్చిన పేద విద్యార్థి. అతని తలలోనూ కోరిక ఉంది, భయం ఉంది, నీతి ఉంది. కాని వాటి మధ్యన పైసల లెక్క వచ్చి పడుతుంది. హాస్టల్ మిత్రులు ముందు అది చదివి, తర్వాత బుచ్చిబాబు దగ్గరికి వస్తే సులువుగా ఉంటుంది. నేను తలకిందులుగా చదివాను, నెలన్నర పట్టింది.