వాన నీరు ఎరుపెక్కేదెందుకు?

ఇల్లు కడుతున్న చోట వాన కురిసినప్పుడు పక్క కాలువలో పారే నీటిని గమనించారా? అది బురద రంగులో చిక్కగా ఉంటుంది. ఆ రంగు కొట్టుకుపోతున్న మట్టిదే.

పునాదులు తవ్వే ముందు గడ్డి, పొదలు తొలగిస్తారు. అంతవరకు చినుకుల దెబ్బను ఆకులు కాసేవి. మట్టిని వేళ్ళు పట్టి ఉంచేవి. పెద్ద చినుకు సెకనుకు సుమారు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఆ దెబ్బకు మట్టి కణాలు విడిపోయి నీటితో కొట్టుకుపోతాయి. నీటి వేగం తగ్గిన చోట అడుగున పేరుకుంటాయి. ఇదే పూడిక. పూడిన చెరువులో నీరు తక్కువ పడుతుంది; పూడిన కాలువ పొంగి ఇళ్ళలోకి వస్తుంది.

దీనిని అరికట్టవచ్చు. పైమట్టిని వేరుగా కుప్పపోసి కప్పి ఉంచాలి. వాలుకు అడ్డంగా గట్టు వేయాలి. నీరు బయటికి పోయే చోట గుంట తవ్వాలి. గుంటలో నిలిచిన నీటినుండి ఇసుక త్వరగా దిగిపోతుంది. సన్నని బంకమన్ను కణాలు మాత్రం చాలాసేపు తేలుతూనే ఉంటాయి. కాబట్టి మట్టిని కదలనీయకుండా చూడడమే మేలు.

కట్టడం పూర్తయ్యాక మరొక చిక్కు వస్తుంది. నేలలో ఇంకవలసిన నీరు ఇంటి కప్పుమీదనుండి నేరుగా కాలువలో పడుతుంది. 100 చదరపు మీటర్ల కప్పుమీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్లు! ఇంకుడు గుంత ఉంటే ఇందులో చాలా భాగం భూమిలోకి చేరుతుంది.

ఇటువంటి శ్రద్ధకు గుర్తింపు కూడా ఉంది. హైదరాబాదులోని సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనానికి 2003లో అమెరికా హరిత భవన మండలి వారి 'లీడ్' పద్ధతిలో అత్యున్నతమైన ప్లాటినం శ్రేణి లభించింది. అమెరికా వెలుపల ఆ శ్రేణి పొందిన మొదటి భవనం ఇదే. దాని కప్పుమీద తోట పెంచారు. ఆవరణలో గడ్డి మొలిచే సందులున్న పలకలు పరిచారు. లీడ్ పద్ధతిలో నీటి పొదుపుకు, విద్యుత్తు పొదుపుకు మార్కులున్నాయి. నిర్మాణ సమయంలో మట్టి కోతను ఆపినందుకు మాత్రం మార్కులు లేవు! ఎందుకంటే అది ముందుగా తీరవలసిన షరతు. అది తీరకపోతే మిగిలిన మార్కులెన్ని వచ్చినా గుర్తింపు రాదు.

చేసి చూడండి: రెండు పళ్ళాలలో ఒకే రకం మట్టి నింపి, ఒకే వాలులో ఉంచండి. ఒకదానిపై ఎండుగడ్డి పరవండి. రెండింటిపై చిల్లుల డబ్బాతో సమానంగా నీరు చల్లండి. కిందికి జారిన నీటిని గాజు గ్లాసులలో పట్టి, మరునాడు అడుగున చేరిన మట్టిని స్కేలుతో కొలవండి. మీ బడి దగ్గర కట్టడం పని జరుగుతుంటే ఆ గ్లాసులు మేస్త్రీగారికి కూడా చూపండి.