టెలీ మానస్: 14416కు ఫోన్ చేస్తే ఏం జరుగుతుంది?

2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించి, 2022 అక్టోబర్ 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు ప్రారంభించిన ఉచిత జాతీయ హెల్ప్‌లైన్ ఇది. నోడల్ కేంద్రం బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్.

పరీక్షల్లో తేదీలే అడుగుతారు గానీ, పనితీరు అంతకన్నా ముఖ్యం. ఫోన్ కలవగానే భాష ఎంచుకోమంటుంది, తెలుగూ ఉంది. తర్వాత శిక్షణ పొందిన కౌన్సెలర్ లైన్‌లోకి వస్తారు. ముందు వింటారు. ‘‘చనిపోవాలనిపిస్తోందా అండీ?’’ అని సూటిగా అడగడానికీ వెనకాడరు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహే. ఈ రాత్రికి తోడు ఎవరుంటారు, ప్రమాదకరమైన వస్తువులు ఇంట్లోంచి తీసేయగలరా అని కలిసి ఆలోచిస్తారు. అవసరమైతే రెండో అంచెలో మానసిక వైద్యులకు అప్పగిస్తారు.

ఈ సేవకు పాత నమూనా 1953లో లండన్‌లో చాద్ వారా అనే మతగురువు మొదలుపెట్టిన సమారిటన్స్ సంస్థ. ఆయన కోసం వేచి ఉన్నవాళ్లకు వాలంటీర్లు టీ ఇచ్చి మాట్లాడుతుంటే, చాలామందికి అక్కడే గుండె బరువు దిగిందట!

తికమకపడే చోటు: అక్టోబర్ 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినమైతే, సెప్టెంబర్ 10 ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం. ఇక చట్టం విషయానికొస్తే, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని, శిక్షించరాదని చెప్పేది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్.